కొళాయి దాటాక చెప్పిన మాట

చావు జరిగిన ఇంటిని జుమ్వా దూరం నుంచే పోల్చుకుంటుంది. అక్కడ రోకలి చప్పుడు వినబడదు. చెట్టు నీడన చాపలు పరిచి ఉంటాయి. ఆడవాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటారు. సముద్రపు ఒడ్డున ఉన్న కిలిఫీ పట్నం వెనక పల్లెల్లో గడప గడపకూ తిరిగి, ఈ ఇంట ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఎవరు ఊరొదిలారు అని అడిగి తెలుసుకునే ఉద్యోగంలోనే ఆమె జుట్టు నెరిసింది. అయినా అడగకముందే జవాబు తెలిసిపోయే ఇళ్ళంటే ఆమెకు ఇప్పటికీ భయమే.

ఆ ఉదయం మికోమానీ ఊరి కొళాయి దగ్గర మోటారు సైకిలు దిగి, ఇసుక దారిలో నడుస్తూ, ఆమె రోకలి చప్పుడు కోసమే చెవులు రిక్కించింది.

పొద్దున్నే పరిశోధన కేంద్రం నుంచి కజుంగు ఫోన్ చేశాడు. ఇలా ఇళ్ళు తిరిగేవాళ్ళందరి మీదా అతనే పెద్ద.

"జుమ్వక్కా, కూర్చున్నావా, నిలబడ్డావా?"

"నిలబడ్డాను. కూర్చోబెట్టి చెప్పే కబురైతే అసలు చెప్పకు."

"న్యేవు కొడుకు బాయా లేడూ, మన టీకా పిల్లాడు. మొన్న తెల్లవారుజామున ఫిట్స్‌తో ఆసుపత్రికి తెచ్చారు. మెదడుకు పట్టిన జ్వరం. సూదులు సగం కూడా పడలేదు. నిన్న అన్నాల వేళ వాళ్ళమ్మ పిల్లాణ్ణి లెసో గుడ్డలో చుట్టుకుని ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయింది."

"ఎందుకు?"

"అది నువ్వే కనుక్కోవాలి. మధ్యలో ఆపితే తిరగబెడుతుంది, ఈసారి ఆగదు అంటున్నాడు డాక్టరు. చీకటి పడేలోగా ఆ పిల్లాడు మళ్ళీ మంచం మీద ఉండాలక్కా."

బాయాను టీకా పరిశోధనలో చేర్పించింది జుమ్వానే. న్యేవు ఊరికే ఒప్పుకునే మనిషి కాదు. "మీరు రక్తం వాళ్ళు, తీసుకున్న రక్తం ఏ దేశంలో అమ్ముకుంటారో ఎవరికి తెలుసు" అని మొహం మీదే అనేది. జుమ్వా ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ వెళ్ళి, అడిగినదానికల్లా జవాబు చెప్పింది. చివరికి న్యేవు పిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "మీ డాక్టర్లను చూసి కాదు, నీ మొహం చూసి ఇస్తున్నాను. వీడికేమన్నా అయితే వచ్చి నీ మొహమే చూస్తాను" అంది. ఇప్పుడు దారంతా ఆ మాటే జుమ్వా కాళ్ళకు అడ్డం పడుతోంది.

రోకలి వినిపించింది.

జుమ్వా ఆగి, గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఒక్క రోకలి, తొందరేం లేని రోకలి. జీడిమామిడి కొమ్మ తప్పించుకుని వాకిట్లోకి అడుగు పెట్టేసరికి కాచే అనే ముసలమ్మ గోడ నీడన కాళ్ళు చాపుకుని, ఇంటి కప్పుకు కొబ్బరాకు అల్లుతోంది. రోలు దగ్గర ఆమె పెద్దకోడలు న్యేవు మొక్కజొన్నలు దంచుతోంది. తల ఎత్తి చూసింది గాని దంపు ఆపలేదు.

"ఏం కబురు, అమ్మమ్మా?"

"మంచి కబురే. నీ కబురు?"

"మంచిదే. ఇంట్లో అందరూ?"

"అందరిదీ మంచి కబురే. మీ ఊరి కబురు?"

"మంచిదే."

జుమ్వా ఈ మంచి కబుర్లను నమ్మదు. లోపల శవాన్ని పెట్టుకుని కూడా మొదటి మాట మంచి కబురే అంటారు. అది మర్యాద. 'అయితే' అన్న మాట ఆ తర్వాత మెల్లగా వస్తుంది. ఆమె ముక్కాలిపీట మీద కూర్చుని, ఆ 'అయితే' కోసం ముసలమ్మ పెదాల వంకే చూసింది.

పెదాలు కదిలేలోపే ఇంటి వెనక నుంచి ఒక కోడిపెట్ట అరుచుకుంటూ వచ్చింది. దాని వెనక, చేతిలో ఉడికిన కర్రపెండలం ముక్కతో, మొలతాడు తప్ప ఒంటి మీద నూలుపోగు లేకుండా బాయా పరుగెత్తుకొచ్చాడు.

"ఇడుగో, నా మొగుడు!" అంది కాచే. బాయాది వాళ్ళ తాత పేరు. "పొద్దున్నించి దుంపలన్నీ వీడే మింగాడు. ఆ పెద్దాయనా ఇంతే, ఇంట్లో ఉంటే కుండలో ఏదీ మిగిల్చేవాడు కాదు."

జుమ్వా పీట మీద నుంచి ఇసుకలోకి జారి, రెండు చేతులూ చాపి వాణ్ణి దగ్గరికి లాక్కుంది. వాడు నవ్వుతూ గింజుకున్నాడు. ఒళ్ళు చల్లగా ఉంది. మెడ ఇటూ అటూ సులువుగా తిరుగుతోంది. వాడి నోట్లోంచి పెండలం వాసన. ఆమెకు నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఎవరూ చూడకుండా వాడి పొట్టకేసి మొహం తుడుచుకుంది.

అప్పుడు వాడి చేతులు చూసింది. ఆసుపత్రిలో సెలైన్ సూది పెట్టిన చెయ్యి కమిలిపోయి ఉంటుంది. ఈ చేతులు రెండూ నున్నగా ఉన్నాయి.

"ఏంటి వదినా, ఎప్పుడూ చూడని పిల్లాణ్ణి చూసినట్టు చూస్తున్నావు?" అంది న్యేవు.

"వీణ్ణి మొన్న ఆసుపత్రికి తీసుకెళ్ళావట కదా."

రోకలి గాల్లో కాస్త ఆగి, మళ్ళీ పడింది. "తీసుకెళ్ళాను. తగ్గింది. తెచ్చేసుకున్నాను."

"ఫిట్స్ వచ్చాయట."

"వచ్చాయి, పోయాయి."

"సూది ఏ చేతికి పెట్టారు?"

"ఈ చేతికో, ఆ చేతికో. నాకేం గుర్తు? నువ్వేమన్నా పోలీసువా?"

"ఆసుపత్రికెళ్ళింది వీడు కాదు క..." అని కాచే నోరు తెరిచింది.

"అత్తా, నీ ఆకు అల్లుకో!"

ముసలమ్మ తల దించుకుంది. జుమ్వా చూపు వాకిలికి అవతలి కొసన ఉన్న రెండో ఇంటి మీదికి పోయింది. అది న్యేవు సవతి దామాది. తలుపు తాడుతో కట్టేసి ఉంది. పొయ్యిలో బూడిద చల్లారిపోయింది.

"దామా ఏది?"

"పుట్టింటికి పోయింది."

"కరీసా?"

"పిల్లాణ్ణి నా దగ్గర వదిలి వెళ్తుందా, సవతిని నమ్మి?" అని న్యేవు మూతి తిప్పింది.

కరీసా దామా కొడుకు. బాయా కంటే కొద్ది నెలలు చిన్నవాడు. కాని పాలు బాగా పట్టి, పక్కన నిలబెడితే ఇద్దరూ ఒక్క కాన్పు పిల్లల్లా ఉంటారు. వాడు పుట్టే నాటికి టీకా పరిశోధనలో పిల్లల్ని చేర్చుకోవడం ఆపేశారు. అందుకే వాడికి కార్డు లేదు. ఆ నీలం కార్డు ఉన్న పిల్లాడు ఆసుపత్రిలో వరసలో నిలబడక్కర్లేదు. మందు లేదు, రేపు రమ్మని ఎవరూ అనరు. ఏ వేళప్పుడు ఫోన్ చేసినా బండి వస్తుంది.

జుమ్వాకు అంతా అర్థమైంది. బాయా బతికున్నాడన్న సంతోషం గుండెల్లో ఇంకా కుదురుకోకముందే, ఇంకో పిల్లాడి భయం వచ్చి దాని పక్కన కూర్చుంది.

ఫోన్ మోగింది. కజుంగు.

"దొరికాడా?"

"బాయా దొరికాడు. కోడిపెట్టను తరుముతున్నాడు."

"అబ్బ! చల్లని మాట చెప్పావు. పొద్దున్నించి టీ కూడా దిగలేదక్కా నాకు. అయితే ఇంటి దగ్గరే ఉన్నాడు, కోలుకున్నాడని రాసెయ్యి. డాక్టరుకు చెప్తాను."

"ఇప్పుడే రాయను. మళ్ళీ చేస్తా." ఆమె ఫోన్ పెట్టేసింది. ఆ ఒక్క ముక్క రాస్తే అందరూ ఊపిరి పీల్చుకుంటారు, వెతకడం ఆపేస్తారు. కరీసాను ఇక ఎవరూ వెతకరు. వాడి పేరుతో ఎవరూ జబ్బు పడలేదు కదా.

"న్యేవూ," అంది సూటిగా, "నేను తప్పు పట్టడానికి రాలేదు. కరీసా ఎక్కడున్నాడు? వాడికి సూదులు ఇంకా పడాలి. ఆపితే ప్రాణానికే ముప్పు."

న్యేవు రోకలి దించింది. "కరీసా వాళ్ళమ్మ దగ్గరున్నాడు. వాడికి జబ్బని నీకెవరు చెప్పారు? ఆసుపత్రికెళ్ళింది నా కొడుకు. వెళ్ళి వాళ్ళనే అడుగు, ఏ పేరు చెప్తారో. పొద్దున్నే వచ్చి దొంగని అడిగినట్టు అడుగుతున్నావు."

ముసలమ్మ ఆకు వంకే చూస్తోంది. దామా పుట్టిల్లు పైన ఎక్కడో మెట్ట ఊళ్ళో అని మాత్రమే జుమ్వాకు తెలుసు. అది తాము తిరిగే పల్లెల హద్దుకు అవతల. పొరుగువాళ్ళను ఆరా తీసి, దారి కనుక్కుని వెళ్ళేసరికి పొద్దు వాలుతుంది. ఇంకాసేపు అడిగి చూసింది. న్యేవు నోరు విప్పలేదు. ఇక చేసేదేమీ లేక సంచీ భుజానికి తగిలించుకుని లేచింది.

న్యేవు కూడా రోకలి గోడకు ఆనించి, లెసో ముడి బిగించుకోబోయింది. ఎంత కోపమున్నా ఇంటికొచ్చిన మనిషిని కొంత దూరం సాగనంపకుండా ఉండరు. మికోమానీ ఆడవాళ్ళకు ఆ దూరం ఊరి కొళాయి దాకా. అక్కడ చెయ్యి కలిపి వెనక్కి తిరుగుతారు.

జుమ్వా మాత్రం ఎవరినీ రానివ్వదు. "ఎండగా ఉంది, కూర్చోండి" అని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతుంది. ఎప్పుడొచ్చిందో తెలుస్తుంది గాని ఎప్పుడు వెళ్ళిందో తెలియదని ఊళ్ళో నవ్వుకుంటారు. ఆమె భర్త రందు చేపలవేటకు వెళ్తున్న ఒక తెల్లవారుజామున, సాగనంపడానికి బయల్దేరి, పొయ్యి మీద కుండ పొంగుతుందని సగం దారిలోనే వెనుదిరిగింది. ఓసారి తిరిగి చూస్తే ఆయన చెయ్యి ఊపుతున్నాడు. సముద్రం ఆయన్నీ ఇవ్వలేదు, పడవనూ ఇవ్వలేదు. ఆ ఊపిన చెయ్యి ఒక్కటే మిగిలింది. అప్పట్నించి ఎవరైనా వెనక నిలబడి చెయ్యి ఊపుతారంటే ఆమెకు వెన్నులో చలి పుడుతుంది.

"ఎండగా..." అనబోయింది. న్యేవు చేతులు చూసి ఆగింది. లెసో ముడి పడటం లేదు. కట్టిన కొద్దీ జారిపోతోంది.

"పద," అంది జుమ్వా.

ఇద్దరూ నడిచారు. ఇసుక కాలుతోంది. మేకల గురించి మాట్లాడుకున్నారు. ఈసారి వాన మబ్బు సముద్రం మీదే కురిసి పోతోందని అనుకున్నారు. న్యేవు మొగుడు చెంగో మాలిందీలో పడవల పనిలో ఉన్నాడనీ, ఈ నెల ఇంకా రాలేదనీ చెప్పింది. జుమ్వా నాలుక కొసన ఉన్న ప్రశ్నను పళ్ళ మధ్య పట్టుకుని నడిచింది.

కొళాయి వచ్చింది. పసుపు డబ్బాలు వరసగా పెట్టి ఉన్నాయి. నీళ్ళమ్మే హలూవా చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఏమే న్యేవూ, డబ్బా మరిచిపోయి కొళాయికి వచ్చావు?"

"చుట్టాన్ని సాగనంపుతున్నా. నీ నీళ్ళెవరిక్కావాలి, సగం ఉప్పే."

"ఉప్పు ఎక్కువైతే కూరలో వెయ్యకు, కలిసొస్తుంది."

జుమ్వా నవ్వలేకపోయింది. ఇక్కడ న్యేవు ఆగిపోతుంది. చెయ్యి చాపుతుంది. తను తిరిగి చూడకుండా వెళ్ళాలి, కజుంగుకు ఏం చెప్పాలో తోచక. ఆమె కళ్ళు దారి మీదే పెట్టి ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. పక్కన చెప్పుల చప్పుడు ఆగలేదు.

న్యేవు కొళాయి దాటింది.

డబ్బాల చప్పుడు వినబడనంత దూరం వచ్చాక, తల తిప్పకుండానే అంది: "కార్డు నేనే ఇచ్చాను."

"ఊఁ."

"నాట్లప్పట్నించి మాకు మాటల్లేవు, దానికీ నాకూ. ఆ తెల్లవారుజామున వచ్చి నా తలుపు బాదింది. పిల్లాడి కళ్ళు పైకి వెళ్ళిపోయాయి వదినా, నోట్లో నురుగు. వాడు నా చేతుల మీద పుట్టాడు. మంత్రసాని వచ్చేలోపే నేనే పట్టుకున్నాను. అప్పుడు సవతి గుర్తుంటుందా? కార్డు మీద ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. ఏ పిల్లాడు అని అడిగారు. బాయా అన్నాను. బాయా అంటేనే కదా బండి వచ్చేది. అది నా పేరు చెప్పుకుని వాణ్ణి ఎత్తుకుని ఎక్కింది."

"మరి అక్కడ్నించి తీసుకొచ్చెయ్యడమేంటి?"

"నేనా చెప్పింది? నర్సులు వాడి చెంప తడుతూ బాయా, బాయా అని పిలిచారట. వాడు కళ్ళు తెరవలేదు. అది ఏడుస్తూ ఇంటికి ఫోన్ చేస్తే మా అత్త అందుకుంది. కరీసా అంటే మా మామగారి తమ్ముడి పేరు. ఆయనకు బతికున్నప్పుడే ఎవరైనా పేరు తప్పు పిలిస్తే కర్ర లేచేది. 'ఆయన పేరు పెట్టుకున్న పిల్లాణ్ణి వేరే పేరుతో పడుకోబెట్టారు, ఇక ఆయన తోడుండడు, వదిలేసి పోతాడు' అంది ముసల్ది. దామాకు సగం ప్రాణం అక్కడే పోయింది. ఆ పైన నర్సు వచ్చి, రేపు మీ పరిశోధన వాళ్ళు వస్తారు, టీకా వేసిన పిల్లాడు కదా, రక్తం చూస్తారు అందట. చూస్తే వీడు వాడు కాదని తెలిసిపోతుంది కదా. ఇక ఆగలేదు."

"ఇదంతా ఇందాక ఇంట్లోనే చెప్పుంటే..."

"ఇంట్లో ఎలా చెప్తాను? అత్త మొహం మీద, నీ వల్లే అని చెప్పనా? ఇంట్లో అన్న మాట ఇంటి మీద పడుతుంది వదినా. దారిలో అన్నది గాలికి పోతుంది. నువ్వేమో ఎప్పుడూ సాగనంపనివ్వవు. ఇవాళా వద్దంటావేమోనని భయపడ్డాను."

జుమ్వా నడక నెమ్మదించింది. ఎన్ని ఇళ్ళ నుంచి ఇలా ఎండ పేరు చెప్పి ఒంటరిగా వచ్చేసింది తను!

"నా కొడుకు పేరు కొట్టేస్తారా?"

"తెలీదు. నీకు అబద్ధం చెప్పను, నిజంగా తెలీదు."

"దామాను పట్టిస్తారా?"

"దాన్నెవరూ ఏమీ చెయ్యరు. అందుకు నేనున్నాను."

"అయితే దాని పుట్టింటికి, బుయూనీకి పోవాలి," అంది న్యేవు. "ఒక్కదానివి వెళ్తే వాళ్ళ నాన్న నిన్ను గడప తొక్కనివ్వడు. నేనూ వస్తాను."

వెనక్కి కొళాయికి వచ్చి మోటారు సైకిలు మాట్లాడారు. నడిపే ఫోండో వాళ్ళిద్దర్నీ, తన బండినీ మార్చి మార్చి చూశాడు.

"ముగ్గురమా? టైరు కూడా ఒక తల్లి బిడ్డే అక్కా."

"నీ నోటి కంటే నీ బండి నయం, పోనియ్," అంది న్యేవు.

బుయూనీ దారి ఎర్రమట్టి. ఆకులన్నీ రాల్చేసిన లావుపాటి చెట్లు, కంచె లేని చేలు. గుంతల్లో పడి లేస్తూ పోతున్నంత సేపూ జుమ్వా కరీసాకు పడాల్సిన సూది గురించే ఆలోచించింది. నిన్న సాయంత్రంది పడలేదు, ఇవాళ పొద్దుటిదీ పడలేదు. ఈ జ్వరం తిరగబెట్టిన పిల్లల్ని ఆమె చూసింది. వాళ్ళ వాకిళ్ళలో కూర్చుని, ఆఖరి రోజుల్లో ఎలా ఉన్నాడమ్మా అని తల్లుల్ని అడిగింది. ఆ ప్రశ్నలు అడగడం కూడా ఉద్యోగమే.

దామా పుట్టిల్లు కనబడింది. బండి ఆగింది.

రోకలి చప్పుడు లేదు.

చెట్టు కింద చాపలు పరిచి ఉన్నాయి. మగవాళ్ళు పీటల మీద తలలు వంచుకుని కూర్చున్నారు. ఆడవాళ్ళు ఓ పక్కగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. న్యేవు జుమ్వా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకు గాజు చర్మంలోకి దిగింది.

దామా తండ్రి, నెరిసిన గడ్డపు ముసలాయన, లేచి ఎదురొచ్చాడు. "రండమ్మా. కూర్చోండి. దాహం తీసుకోండి."

ఎవరో సొరకాయ బుర్రతో నీళ్ళు తెచ్చిచ్చారు. జుమ్వా తాగింది.

"ఏం కబురు?" అన్నాడు ముసలాయన.

"మంచి కబురే," అంది ఆమె. "మీ కబురు?"

"మంచి కబురే."

ఆమె ఎదురుచూసింది. ముసలాయన గడ్డం సవరించుకున్నాడు. "అయితే..." అన్నాడు.

జుమ్వా కళ్ళు మూసుకుంది.

"అయితే కాస్త ఆగాలి మీరు. పోయిన పెద్దలకు కల్లు ధార పోశాం. పిల్లాడి పేరు పిలవడం ఇంకా పూర్తి కాలేదు."

ఇంటి వెనక నుంచి ఒక ముసలిదాని గొంతు లేచింది. "కరీసా!" ఆ వెనక చాప మీది ఆడవాళ్ళంతా ఒక్కసారిగా అందుకున్నారు. "కరీసా! ఓ కరీసా! ఇది నీ ఇల్లే, ఇది నీ పేరే!" మగవాళ్ళు కూడా తలలెత్తి పిలిచారు. పోయినవాళ్ళను ఇలా పిలవరు. వాళ్ళను వెళ్ళమని సాగనంపుతారు గాని రమ్మని పిలవరు. జుమ్వాకు అది గుర్తొచ్చేలోపే, ఆ కేకల అడుగున, సన్నగా, విసుగ్గా, ఒక పసివాడి ఏడుపు వినబడింది.

న్యేవు మణికట్టు వదిలి, నోటికి లెసో అడ్డం పెట్టుకుని భోరుమంది.

దామా బిడ్డను భుజాన వేసుకుని ఇంటి పక్క నుంచి వచ్చింది. జుమ్వా సంచీని చూసి మొదట వెనక్కి జంకింది. తర్వాత న్యేవును చూసింది.

"అక్కా, నువ్వా? నువ్వే తీసుకొచ్చావా ఈవిడని?"

"నేనే. తిట్లు దాచుకో, ఇంటికొచ్చాక తిడుదువుగాని. వాణ్ణి ఇలా ఇవ్వు."

కరీసా ఒళ్ళు వేడిగా ఉంది. కాని కళ్ళు తెరిచే ఉన్నాడు, వెలుతురుకు మొహం చిట్లిస్తున్నాడు. జుమ్వా వాడి మెడ కింద చెయ్యి పెట్టి చూసింది. కాస్త బిర్రుగా ఉంది గాని కదులుతోంది. ఎడమ చేతికి లెసో పేలిక ఒకటి నీటుగా చుట్టి ఉంది. విప్పితే ఆసుపత్రి సూది ఇంకా అక్కడే ఉంది.

"ఇది తియ్యలేదే నువ్వు?"

"తీస్తే మళ్ళీ గుచ్చుతారు కదా అని," అంది దామా. "వెనక్కి వెళ్ళాలనే ఉందక్కా. పేరు పిలిపించుకుని, కొంచెం ధైర్యం వచ్చాక వెళ్దామనుకున్నాను. కాని ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? ఎవరి బిడ్డ అని అడిగితే ఏం చెప్పను?"

"నీ బిడ్డేనని చెప్పు. ఇంకేం చెప్తావు?"

ముసలాయన కర్ర నేలకు ఆనించి ముందుకొచ్చాడు. "చూడమ్మా. పేరు పిలిచాం, పెద్దాయన విన్నాడు, పిల్లాడు ఏడ్చాడు. మందు వద్దనడానికి నేను మూర్ఖుణ్ణి కాదు. కాని అక్కడ మళ్ళీ వీడికి ఇంకొకడి పేరు పెడితే మాత్రం పంపను. ఇక్కడే, నేను వింటూండగా వీడి పేరు చెప్పు మీవాళ్ళకి."

జుమ్వా ఫోన్ తీసి, అందరికీ వినబడేలా పెట్టింది.

"కజుంగూ, బాయాకు ఏ జబ్బూ లేదు, ఎప్పుడూ రాలేదు. మీ మంచం మీద పడుకున్నది వాడి తమ్ముడు. దామా కొడుకు. పేరు కరీసా. కార్డు మాత్రం బాయాది. పిల్లాడు బతికే ఉన్నాడు, సూది చేతికే ఉంది. బుయూనీలో ఉన్నాం. బండి పంపు."

చాపల మీద ఒక్కరూ కదల్లేదు.

"జుమ్వక్కా," అన్నాడు చివరికి, "నువ్వు నా ఉద్యోగం ఊడగొడతావు."

"ఊడితే నా పక్కన కూర్చుని చేపలమ్ముకుందువుగాని. ముందు బండి."

"వాడికి కార్డు లేదు కదా."

"లేదు."

దామా బిడ్డను గుండెకు గట్టిగా అదుముకుంది.

"సరేలే. కార్డు లేని పిల్లాడికి మెదడు ఉండదా ఏంటి? నేనే వస్తున్నాను. బుయూనీలో ఎటువైపు? ఆగాగు, పేరు మళ్ళీ చెప్పు. ఈసారి సరిగ్గా రాసుకోవాలి."

"కరీసా!" అని జుమ్వా కంటే ముందు ముసలాయన అరిచాడు, ఫోన్ అక్కర్లేకుండానే కిలిఫీలో వినబడేట్టు. చాపల మీద నవ్వులు లేచాయి. ఒక ఆడమనిషి లేచి రోట్లో మొక్కజొన్నలు పోసింది.

బండి వచ్చింది. కజుంగు దిగి, ముసలాయనతో కబుర్లన్నీ ఓపిగ్గా అడిగించుకుని, బిడ్డ దగ్గరికి వెళ్ళి, "ఏరా కరీసా, మమ్మల్ని ఇంత తిప్పుతావా" అన్నాడు. దామా మొహంలో అప్పుడు మొదటిసారి కొంచెం నవ్వు కనబడింది. ఆమె బండెక్కింది. ఎవరూ పిలవకపోయినా న్యేవు పక్కకెక్కి కూర్చుంది. "దీనికి ఆసుపత్రి వాళ్ళతో మాట్లాడటం రాదు. నోరున్నదాన్ని నేనే," అంది.

జుమ్వాకు చోటు లేదు. బండి కదిలింది. అలవాటుగా ఆమె మొహం పక్కకు తిప్పుకోబోయింది. అప్పుడు వెనక అద్దంలోంచి న్యేవు చెయ్యి కనబడింది, ఆగకుండా ఊగుతూ. జుమ్వాకు రందు ఊపిన చెయ్యి గుర్తొచ్చింది. అయినా తనూ చెయ్యి ఎత్తింది. బండి మలుపు తిరిగి, ఎర్రదుమ్ము మెల్లగా నేలకు దిగేదాకా అలాగే నిలబడింది.

"ఎక్కుతావా అక్కా? ఇప్పుడైతే టైరుకు విశ్రాంతి," అన్నాడు ఫోండో.

వానలు మొదలయ్యాక ఆమె మళ్ళీ మికోమానీ వెళ్ళింది. ఆమె రాకముందే డాక్టరు స్వయంగా వచ్చి, ఆ వాకిట్లోనే కూర్చుని, కార్డు ఎవరికీ అప్పివ్వకూడదని అందరికీ గట్టిగా చెప్పి వెళ్ళాడట. పిల్లాడెవరైనా సరే, ఫిట్స్ వస్తే ఫోన్ చెయ్యండి, కార్డు సంగతి తర్వాత చూసుకుందామని కూడా చెప్పాడట. బాయా పేరు కొట్టెయ్యలేదు. జబ్బు పడనివాడి మీద రాసిన జబ్బును మాత్రం తీసేశారు.

"మా సవతి ఇంకా నాతో సరిగ్గా మాట్లాడదు," అంది న్యేవు. "మొన్న నా కుండ తీసుకెళ్ళి ఇంతవరకు ఇవ్వలేదు."

"ఇస్తాలే, తినేస్తానా," అంది దామా తన గుమ్మంలోంచి. ఆమె కాళ్ళ దగ్గర కరీసా బాయా చేతిలోని దుంపను లాక్కునే పనిలో ఉన్నాడు. ముసలమ్మ ఇద్దర్నీ పేరు పేరునా తిడుతోంది. ఈసారి ఏ పేరూ తప్పకుండా.

జుమ్వా లేచింది. ఇద్దరు ఆడవాళ్ళూ లేచి, చెరొక పిల్లాణ్ణి చంకనెత్తుకున్నారు.

"నాకు మోకాళ్ళు పనిచెయ్యవు," అంది కాచే, "నా బదులు నా మొగుణ్ణి పంపుతున్నా. వాన వచ్చేట్టుంది, త్వరగా పదండి. లేకపోతే ఈవిడ వద్దంటుంది."

జుమ్వా వద్దనలేదు. కొళాయి దాకా నడిచారు. చెయ్యీ చెయ్యీ కలుపుకున్నారు. వాళ్ళు వెనక్కి తిరిగాక, ఆమె హలూవా డబ్బాల పక్కన నిలబడి చూసింది. పిల్లలిద్దరూ తల్లుల భుజాల మీంచి ఆమె వైపే చూస్తూ చేతులూపుతున్నారు. జీడిమామిడి కొమ్మల్లో ఆ చేతులు కనబడకుండా పోయేదాకా చూసి, ఆ తర్వాతే సంచీ సర్దుకుంది.

"ఏమ్మా జుమ్వా, ఏమన్నా మరిచిపోయావా?" అంది హలూవా.

"లేదు," అంది జుమ్వా. "ఒక డబ్బా నీళ్ళు పట్టు, దాహంగా ఉంది. ఉప్పైనా పర్లేదు."